రెండు తూకాలు

ముత్తుకూరు,
4 జూన్ 2025

అన్నా,

వందనాలు. నిన్న మంగళవారం ఉదయం పదకొండున్నరకు నెల్లూరులో గుండె డాక్టరు నా గుండెలో రంధ్రం ఉందనీ, దాన్ని మూసే సమయం దాటిపోయిందనీ చెప్పాడు. ముందు ఈ వాక్యం రాయాలనుకున్నాను, రాశాను. మిగతాదంతా వివరం.

రంధ్రం పుట్టుకతో వచ్చింది. గుండె పైభాగంలో ఎడమ గదికీ కుడి గదికీ మధ్య గోడలో ఉంది. నలభై మూడేళ్ళుగా ఎడమవైపు శుభ్రమైన రక్తం కొంత కుడివైపుకు కారి, మళ్ళీ ఊపిరితిత్తులకే పోతోంది. ఆ అదనపు రక్తాన్ని మోసి మోసి ఊపిరితిత్తుల నాళాలు బిగుసుకుపోయి ఉంటాయని డాక్టరు అంటున్నాడు. స్కానులో అక్కడి ఒత్తిడి చాలా ఎక్కువగా కనిపించిందట. నాళాలు బిగుసుకున్నాక రంధ్రం మూస్తే గుండె కుడివైపు తట్టుకోలేదట, ప్రాణం మీదకు వస్తుందట. కాబట్టి మాత్రలు వేసుకుంటూ, ఉప్పు తగ్గించి, మెట్లు ఎక్కకుండా ఉండమన్నాడు. ఎన్నాళ్ళు అని అడిగాను. ఉన్నన్నాళ్ళు అన్నాడు.

ఆ ఒత్తిడి కొలిచారా, అంచనా వేశారా అని అడిగాను. స్కానులో వచ్చేది అంచనాయే అన్నాడు. సరిగ్గా కొలవాలంటే గుండెలోకి క్యాథెటర్ అనే సన్న గొట్టం పంపాలి, పంపినా వచ్చే జవాబు ఇదే, అనవసరం అన్నాడు. మర్యాదగానే చెప్పాడు. నేనూ మర్యాదగానే చెప్పాను: "సార్, నేను పోర్టు రోడ్డులో లారీల కాటా మీద పనిచేస్తా. ఇన్నేళ్ళలో ఒక్క బండికి గూడా కంటిచూపుతో బరువు రాయలేదు. నాకు గూడా అట్ట రాయబాకండి." ఆయన పెద్ద ఆస్పత్రికి చీటీ రాసిచ్చాడు.

ఫోన్ చేయకుండా ఉత్తరం ఎందుకంటే, ఫోనులో నువ్వు నా మాటను సగంలోనే పట్టుకుంటావు. ఉత్తరానికి అడ్డం రాలేవు. నువ్వూ ఉత్తరమే రాయి. వదినకు చెప్పు. ప్రార్థనలో జ్ఞాపకం చేసుకోండి.

నీ చెల్లెలు
డెబోరా

*

కావలి,
16 జూన్

అమ్మా డెబోరా,

ప్రభువు కృప నీకు తోడుండాలి. నీ ఉత్తరం ముందు మీ వదిన నవోమి చదివింది. మధ్యలో ఆపి వంటింట్లోకి వెళ్ళిపోయింది. మిగతాది నేను చదువుకున్నాను.

ప్రార్థనలో జ్ఞాపకం చేసుకోమన్నావు. అంతకంటే ఎక్కువే చేశాను. ఆదివారం ఆరాధనలో పాస్టర్ గారి చేత నీ పేరు మైకులో చదివించాను, గుండె ఆపరేషన్ ఉంది, భారంగా ప్రార్థించండి అని. శుక్రవారం స్త్రీలందరూ ఉపవాసం ఉన్నారు. మీ ముత్తుకూరులో ఉండే కరుణాకుమారి పుట్టింటికి వచ్చి ఉంది, ఆమె కూడా కూర్చుంది. నీ పేరు వినగానే ఏడ్చేసింది. తిరిగి వెళ్ళాక అక్కడా ప్రార్థన పెట్టిస్తానంది. మీ కాటా ఇన్‌ఛార్జి భార్య ఆమెకు బాగా తెలుసట.

ఇక గుండెలోకి పంపే ఆ వైరు సంగతి. మన వీధిలో బెన్హర్ కూడా ఉత్త టెస్టుకే అని వెళ్ళాడు. వైరు లోపలికి పోయి బయటికి వచ్చేలోపల రెండు స్ప్రింగులు పెట్టేశారు. ఇప్పుడు నీళ్ళ బిందె ఎత్తడు. వాళ్ళు లోపలికి పోతే ఊరికే బయటికి రారు. డాక్టరే అనవసరం అన్నదాన్ని నువ్వు అడిగి చేయించుకుంటానంటే అది ధైర్యం కాదు, మొండితనం. అచ్చం నాన్న.

ముందు గది ఖాళీ చేయించాను. రైల్వేలో ఉన్నప్పుడు కొన్న ఇనప మంచం నీకే. నవోమి కొత్త కర్టెన్ కుట్టించింది. ఫ్రెడ్డీ బావ పోయి ఆరేళ్ళయింది, పిల్లా జెల్లా లేరు, ఆ అద్దె ఇల్లు ఎవరికోసం? ఉద్యోగం మానేసి వచ్చేయి. ఎండు రొయ్యలు బస్సులో పంపుతున్నాను, తీసుకో.

మీ అన్న
జీవానందం

*

ముత్తుకూరు,
24 జూన్

అన్నా,

నీ ఉత్తరం శనివారం అందింది. దాని ఫలితం గురువారమే అందింది.

గురువారం మా ఇన్‌ఛార్జి సుశీల్ కుమార్ నన్ను కిందికి పిలిచాడు. "ఏందక్కా, గుండె ఆపరేషనంట గదా. మాకు చెప్పకపోతే ఎట్టా? కాటా మీద ఉండంగా ఏమన్నా అయితే నా మెడకు చుట్టుకుంటది. పని చెయ్యొచ్చని డాక్టరు కాయితం తెచ్చేదాకా ఇంటికాడ ఉండండి" అన్నాడు. ఆయనకు వాళ్ళావిడ చెప్పింది, ఆమెకు కరుణాకుమారి చెప్పింది. ప్రార్థనలో జ్ఞాపకం చేసుకోండి అని మనవాళ్ళం ప్రతి ఉత్తరం చివరా రాస్తాం. పెళ్ళి శుభలేఖ మీద కూడా వేయిస్తాం. నేనూ అట్లాగే రాశాను. నువ్వు దాన్ని మైకులో పెట్టావు.

నేను ఇంటి దగ్గర లేను. షిఫ్టు వేళకు వెళ్ళి కాటా గదిలో బల్ల మీద కూర్చుంటున్నాను. నా కుర్చీలో కొత్తగా ఒకామె కూర్చుంది. ఆమె అడిగితే చెబుతాను, అడగకపోతే ఊరుకుంటాను. సుశీల్ కుమార్ రెండోరోజు వచ్చి, "ఇంటికి పోయి పడుకోండక్కా, జీతం సంగతి నేను చూస్తాగా" అన్నాడు. "పడుకునేదానికి రాలేదబ్బయా, కూర్చునేదానికి వచ్చినా" అన్నాను. ఇప్పుడు చూసీ చూడనట్టు పోతున్నాడు.

బెన్హర్ అన్న సంగతి వేరు. ఆయనకు రక్తనాళంలో పూడిక ఉంది, తీసి స్ప్రింగు పెట్టారు. నాకు పూడిక లేదు, ఆపరేషనూ లేదు. ఇది కొలత మాత్రమే. తొడ దగ్గర సిరలోంచి సన్నటి గొట్టం గుండెలోకి పంపుతారు. గదిగదికీ ఆపి ఒత్తిడి చూస్తారు, ప్రతి గదిలోంచీ కొంచెం రక్తం తీసి అందులో ఆక్సిజన్ ఎంతుందో చూస్తారు. దాన్నిబట్టి గుండె నిమిషానికి ఎంత రక్తం ఊపిరితిత్తులకు తోస్తోంది, ఎంత ఒంటికి తోస్తోంది లెక్క కడతారు. గొట్టం తీసేస్తారు. మర్నాడు ఇంటికి పంపుతారు.

ఆగస్టు ఆరో తేదీ ఇచ్చారు. ఒకరు తోడుండి సంతకం పెట్టాలన్నారు. నిన్నే అడుగుతున్నాను.

ముందు గదికి రాను. కర్టెన్ వదినను తన గదికి కట్టుకోమను.

డెబోరా

*

కావలి,
8 జూలై

అమ్మా డెబోరా,

మైకు సంగతి నాదే తప్పు. కరుణాకుమారిని గట్టిగానే అడిగాను. మంచికే చెప్పానంది. ఆమె ఇంకో మాట కూడా చెప్పింది. ఉపవాస ప్రార్థన జరిగిన మరుసటి వారమే నువ్వు కాటా గది మెట్లు గబగబా దిగి రావడం కళ్ళారా చూసిందట, ఆయాసమే లేదట. ఆ మాట సంఘంలో చెప్పాను. పాస్టర్ గారు ఎంతో సంతోషించారు. ఆగస్టు పదో తేదీ ఆదివారం వార్షిక కూటాల్లో నువ్వు ప్రార్థనతో నయమైందని స్వస్థత సాక్ష్యం చెప్పాలని పెద్దలు నిర్ణయించారు. నేను సరేనన్నాను. కరపత్రాలు అచ్చయిపోయాయి, నీ పేరు ఉంది.

ఆరో తేదీన కొలిపించుకుని పదో తేదీన సాక్ష్యం చెబితే, నమ్మినవాళ్ళు కొలుచుకుంటారా అని జనం అడుగుతారు. సంఘ పెద్దగా ఉండి నేను ఆ సంతకానికి ఎట్లా వస్తాను? రాలేను.

ఇంకొకటి. ఇది పాస్టర్ గారి మాట కాదు, నాది. అమ్మకూ ఇదే ఆయాసం. చివరి ఏడాది గోడ పట్టుకుని నడిచేది. ఎవరూ ఏ అంకె చెప్పలేదు. రేపు తగ్గుతుంది, ఎల్లుండి తగ్గుతుంది అనుకుంటూ నవ్వుతూ గడిపాం. నిన్ను కొలిచి, మూయడానికి వీల్లేదని ఖాయంగా తేలితే, ఆ తర్వాత నేను నీతో ఏం మాట్లాడాలి? ఇప్పుడు 'ఏమో' అనేది ఒకటి మిగిలి ఉంది. దాన్ని కూడా పోగొట్టుకుంటావా?

రొయ్యలు అందాయో లేదో రాయలేదు.

జీవానందం

*

ముత్తుకూరు,
15 జూలై

అన్నా,

కరుణాకుమారి నేను దిగడం చూసింది. ఎక్కడం చూడలేదు. ఎక్కేటప్పుడు మూడు చోట్ల ఆగుతాను. అది ఎవరి కంటా పడకూడదని షిఫ్టుకు అరగంట ముందే వెళ్తున్నాను. దిగేదానికి గుండెతో పెద్దగా పని లేదు. బరువున్న లారీ కూడా వాలులో బాగానే పోతుంది.

సాక్ష్యం చెప్పను. పాస్టర్ గారికి నిన్న నేనే రాశాను. స్వస్థత దొరికితే ఎవరూ పిలవకుండానే వచ్చి నిలబడతాను, దొరకలేదని తెలిస్తే ఆ సంగతీ వచ్చి చెబుతాను, తెలియకుండా చెప్పేది సాక్ష్యం కాదు అని రాశాను. నా విశ్వాసం గురించి ఆయనకు అనుమానం ఉంటే ముత్తుకూరు వచ్చి అడగమను. దేవుడు నా గుండెను కొలిస్తే భయపడేంత చిన్నవాడని నేను అనుకోవడం లేదు.

'ఏమో' సంగతి. అమ్మ నవ్వలేదన్నా. నవ్వింది మనం. నువ్వు డ్యూటీలో ఉండేవాడివి, ఆమె పక్కన పడుకున్నది నేను. "నాకేందో ఎవురన్నా చెప్పండే" అని అడిగేది. చెప్పడానికి మన దగ్గర ఏమీ లేదు. ఆమె తెలియకుండానే పోయింది. నువ్వు నాకోసం దాచిపెట్టాలనుకుంటున్నది దాన్నే. నాకు వద్దు. వీల్లేదని తేలితే ఆ మాట నాకు నేరుగా రావాలి. ఆ తర్వాత నాతో ఏం మాట్లాడాలో తెలియకపోతే వానల గురించి మాట్లాడు.

ఆస్పత్రికి ఫోన్ చేసి అడిగాను. సంతకం నాది సరిపోతుందన్నారు, తోడు మాత్రం ఒకరు ఉండాలన్నారు. మా పక్కింట్లో బట్టలు కుట్టే జమాల్‌బీ వస్తానంది. నువ్వు రావడం రాకపోవడం నీ ఇష్టం. ఆరో తేదీ మారదు.

రొయ్యలు అందాయి. నాకు ఉప్పు వద్దన్నారు గనక జమాల్‌బీకి ఇచ్చాను. చాలా బాగున్నాయని చెప్పమంది.

డెబోరా

*

ముత్తుకూరు,
9 ఆగస్టు

అన్నా,

రంధ్రం మూయొచ్చు. బుధవారం మధ్యాహ్నం పెద్ద ఆస్పత్రిలో నన్ను చూసిన డాక్టర్ తౌసిఫ్ చెప్పాడు, గురువారం రిపోర్టు రాతలో ఇచ్చాడు.

జరిగింది జరిగినట్టు రాస్తాను. చేర్చుకునే కౌంటర్లో గుమాస్తా తోడు వచ్చింది ఎవరని అడిగాడు. అక్క అని జమాల్‌బీ చెప్పింది. అతను రెండు పేర్లూ మళ్ళీ చదివి, ఇద్దరూ అక్కాచెల్లెళ్ళా అన్నాడు. "మా వీధిలో అంతే" అంది జమాల్‌బీ. అతను అక్క అనే రాసుకున్నాడు.

మత్తు తొడ దగ్గర మాత్రమే ఇచ్చారు. మెలకువగానే ఉన్నాను. గొట్టం పోతుంటే నొప్పి తెలియదు. గుండె గోడకు తగిలినప్పుడు మాత్రం రెండు మూడు దెబ్బలు తప్పి కొట్టుకుంది. పక్కన తెర మీద గీత కనిపిస్తోంది. గది మారినప్పుడల్లా గీత ఆకారం మారుతోంది. ఒకామె అంకెలు పైకి చదువుతోంది, ఇంకొకతను రాస్తున్నాడు. మా కాటా గదిలో కూడా అంతే, ఒకరు చదవాలి, ఒకరు రాయాలి. అక్కడ నాకు భయం పోయింది.

తర్వాత ఊపిరితిత్తుల నాళంలో ఒత్తిడి చదివారు. అరవై ఎనిమిది. స్కానులో అంచనా డెబ్బై రెండు. పెద్ద తేడా లేదు. మొదటి డాక్టరు చెప్పిందే నిజమైంది, నేను ఓడిపోయాను అనుకున్నాను. పైకప్పు చూస్తూ పడుకున్నాను. అన్నకు ఏమని రాయాలి అనే ఆలోచన వచ్చింది. అప్పుడు కూడా, కొలిపించుకోవడం తప్పనిపించలేదు.

వాళ్ళు ఆపలేదు. గదిగదిలోంచీ రక్తం తీసి యంత్రానికి పంపారు. మధ్యాహ్నం లెక్క వచ్చింది. డాక్టర్ తౌసిఫ్ మంచం పక్కన స్టూలు లాక్కుని కూర్చున్నాడు. "ఒత్తిడి ఎక్కువే అమ్మా. కానీ పైపు సన్నబడినా ఒత్తిడి పెరుగుద్ది, పైపులోకి మరీ ఎక్కువ నీళ్ళు తోసినా పెరుగుద్ది. మీది రెండోది" అన్నాడు. నా గుండె ఒంటికి నిమిషానికి నాలుగు లీటర్ల చిల్లర పంపుతుంటే, ఊపిరితిత్తులకు పదకొండు లీటర్లు పంపుతోంది. ఇన్నేళ్ళుగా రెండింతలకు పైగా పని. అంత రక్తం తోస్తే మంచి నాళంలోనైనా ఒత్తిడి పెరుగుతుంది. ఒత్తిడినీ ప్రవాహాన్నీ కలిపి లెక్కకడితే నాళాలు ఎంత బిగుసుకున్నాయో తెలుస్తుంది. ఆ అంకె అయిదు దాటితే మూయరు. మూడు లోపుంటే ధైర్యంగా మూస్తారు. నాది 2.9.

నాకు వెంటనే అర్థమైంది. లోడుతో వచ్చిన లారీని ఒక్కసారి తూస్తే సరుకెంతో తెలియదు. ఖాళీ బండిని కూడా తూయాలి. స్కాను ఒక తూకం. అది తప్పు కాదు, సగం. రెండో తూకం బుధవారం జరిగింది.

ఈ ఉత్తరం నీకు కూటాల తర్వాత చేరుతుంది. అక్కడ నా పేరు పిలిచారో లేదో నాకు తెలియదు.

డెబోరా

*

కావలి,
20 ఆగస్టు

అమ్మా డెబోరా,

పిలిచారు. నువ్వు రాసినా పాస్టర్ గారు పేరు తీయలేదు, చివరి నిమిషంలోనైనా వస్తావనుకున్నారు. పందిరి నిండా జనం. రెండోసారి పిలిచినప్పుడు నేను లేచాను. అప్పటికి నీ ఉత్తరం రాలేదు. ఆరో తేదీన ఏమైందో నాకు తెలియదు, ఫోన్ చేయడానికి మొహం చెల్లలేదు. మా చెల్లెలు రాలేదు, తనకు నయమైందని తను చెప్పలేదు, నేనే చెప్పాను, తెలియకుండా చెప్పాను అని మైకులో అన్నాను.

పెద్దల్లో ఒకరికి కోపం వచ్చింది. "అయితే మా ఉపవాసం లెక్కలోకి రాదా జీవానందం?" అన్నాడు. "వస్తది. లెక్క ఇంకా రాలా" అన్నాను. ఆయన లేచి వెళ్ళిపోయాడు. మళ్ళీ నెల పెద్దల కమిటీకి కొత్తవాళ్ళని ఎన్నుకుంటారు. నేను ఉండకపోవచ్చు. ఉండకపోతే పోనీ. పాస్టర్ గారు మాత్రం మర్నాడు ఇంటికి వచ్చి టీ తాగి, నువ్వు జూలైలో తనకు రాసిన ఉత్తరం మళ్ళీ చదివానన్నారు.

రెండ్రోజులకు నీ ఉత్తరం వచ్చింది. నవోమి 2.9 అంటే పాసా ఫెయిలా అని మూడుసార్లు అడిగింది. పాసు అని చెప్పాను. ముందు గదిలో కూర్చుని చాలాసేపు ఏడ్చింది.

ఒక సందేహం. అంకె బాగుందని తేలింది కదా. నాళాలు చెడలేదు. ఇన్నేళ్ళు గడిచింది. ఇక ఆ రంధ్రం జోలికి పోవడం ఎందుకు? బాగున్నదాన్ని కదపడం అవసరమా? పోతే, ఈసారి ఏదున్నా సంఘంలో చదివించాలా వద్దా నువ్వే రాయి. నువ్వు చెప్పకుండా చదివించను. ఏ తేదీ ఇచ్చినా ఈసారి నేను వస్తాను.

మీ అన్న
జీవానందం

*

ముత్తుకూరు,
21 సెప్టెంబర్

అన్నా,

ఆలస్యంగా రాస్తున్నాను. తేదీ ఖాయమయ్యాక రాద్దామని ఆగాను.

2.9 అంటే రంధ్రం మూయొచ్చని. మూసుకుపోయిందని కాదు. ఊరుకుంటే ఆ పదకొండు లీటర్లు రోజూ పోతూనే ఉంటాయి, అంకె పెరుగుతూ ఉంటుంది. అయిదు దాటిన రోజు మొదటి డాక్టరు మాట నిజమవుతుంది. నాకు దొరికింది స్వస్థత కాదు, సమయం. దాన్ని ముందు గదిలో కూర్చుని ఖర్చుపెట్టను.

ఆ మొదటి డాక్టరు దగ్గరికి వెళ్ళి రిపోర్టు చూపించాను. నిదానంగా చదివాడు. "నేను ఒత్తిడి ఒక్కటే చూసినానమ్మా. మూయించుకోండి" అన్నాడు. చీటీ రాసిచ్చింది ఆయనే కదా, నాకు ఆయన మీద కోపం లేదు.

ఛాతీ కోయరు. అదే తొడ సిరలోంచి, మడిచిన గొడుగులాంటి చిన్న పరికరాన్ని పంపి రంధ్రంలో తెరుస్తారు. గోడకు రెండువైపులా బిళ్ళలా పట్టుకుంటుంది. కొన్ని నెలల్లో దాని మీద నా కండే పెరుగుతుందట. ప్రమాదం లేదని డాక్టర్ తౌసిఫ్ అనలేదు. ఏమేమి జరగొచ్చో ఒక్కొక్కటీ చెప్పాడు. విని సంతకం పెట్టాను.

సంఘంలో చదివించు. కానీ గుండె ఆపరేషన్, భారంగా ప్రార్థించండి అని కాదు. పైన 2.9 గురించి రాసిన నాలుగు వాక్యాలు ఉన్నవి ఉన్నట్టు చదవమను. కరుణాకుమారి కూడా వింటే మంచిదే. ఎట్లాగూ మోసుకొస్తుంది, ఈసారి పూర్తి సరుకు మోసుకు రానీ.

కూటాల్లో నువ్వు లేచావని చదివినప్పుడు ఉత్తరం పక్కన పెట్టి కాసేపు బయట నిలబడ్డాను. ఆ సంగతి ఇంతకంటే రాయలేను. కమిటీలో ఉంచకపోతే ఉంచకపోనీ.

సుశీల్ కుమార్ మొన్న నవంబర్ షిఫ్టుల పట్టిక గోడకు అంటించాడు. నా పేరు లేదు. బల్ల మీద నుంచి లేచి వెళ్ళి అడిగాను. "అప్పటికి ఎట్టుంటారో ఎవురికి తెలుసక్కా?" అన్నాడు. "నీకు తెల్దు, నాకు తెల్దు. రాయి. రాకపోతే కొట్టేద్దువు" అన్నాను. పెన్సిల్‌తో రాశాడు. పెన్ను చేతికిచ్చి మళ్ళీ రాయించాను. డాక్టరు కాయితం నేను తెస్తాను, దాని సంగతి నా పూచీ.

నువ్వూ జమాల్‌బీ ఇద్దరూ వస్తామంటున్నారు. తోడుకు ఒక్కరికే పాసు ఇస్తారు. మీ ఇద్దరూ మాట్లాడుకుని తేల్చుకోండి, నన్ను మధ్యలోకి లాగవద్దు.

అక్టోబర్ ఎనిమిది బుధవారం సాయంత్రం నెల్లూరులో చేరాలి. తొమ్మిదో తేదీ గురువారం ఉదయం ఎనిమిదింటికి మొదటి కేసు నాది. అంతా అనుకున్నట్టు జరిగితే శనివారం ఇంటికి. నవంబర్ పదో తేదీ సోమవారం, ఉదయం ఆరు గంటల షిఫ్టు, రెండో నంబరు కాటా.

డెబోరా